వేట మాన్పించిన ఉపన్యాసం

నేనిచ్చిన ఉపన్యాసాల వల్ల ఎవరైనా బాగుపడ్డారో లేదో నాకు తెలియదు. ఒక ఉపన్యాసం వల్ల ఒక ఇల్లు కూలిపోయిందని మాత్రం తెలుసు. ఆ ఇంటి మనిషి నాకు స్నేహితుడు.

తొంభైల మొదట్లో విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. బడి వేళలు పోగా మిగిలిన కాలమంతా మా హేతువాద సంఘానిదే. నలుగురైదుగురం కలిసి ఒక స్లైడ్ ప్రొజెక్టరూ, ఒక తెల్ల దుప్పటీ పట్టుకుని సిటీ బస్సుల్లో పేటలకు వెళ్ళేవాళ్ళం. చేతబడి అబద్ధమనీ, గ్రహణం పూట గర్భిణి అన్నం తినొచ్చనీ, కులాన్ని పెట్టింది మనిషేననీ చెప్పేవాళ్ళం. వీటన్నిటికీ పునాదిగా ఉంటుందని నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మనిషి రైతు ఎలా అయ్యాడన్నది విషయం. నలభై నిమిషాలు, మూడు బొమ్మలు. మొదటి బొమ్మలో ఈటెలు పట్టుకుని లేడి వెనక పరిగెత్తే మనుషులు. రెండోదాంట్లో గింజలు చల్లుతున్న ఆడమనిషి, పక్కన కట్టేసిన మేక. మూడోదాంట్లో గాదెలూ గోడలూ ఉన్న ఒక ఊరు.

"ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి మనల్ని తెచ్చింది మన బుర్ర. దేవుడు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి" అనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. ఆ కొట్టేవాళ్ళలో ఉక్కు ఫ్యాక్టరీకి పొలాలు వదులుకుని పోర్టులో బస్తాలు మోస్తున్నవాళ్ళు కూడా ఉండేవారు. నేల మీద స్థిరపడ్డవాణ్ణి ఎవరూ కదపలేరని వాళ్ళ ముందే చెప్పాను. ఎవరూ లేచి నన్ను నిలదీయలేదు. అలసిపోయి ఉంటారు.

భీమిలి వైపు, గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోట ఒక మత్స్యకారుల పేట ఉంది. అక్కడ వలలు దాచుకునే పాకలో ఒక సాయంత్రం దుప్పటి కట్టాం. మూడు బొమ్మలూ అయ్యాక ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె అడిగింది.

"మరి సేపలు పట్టీవోలు ఏ బొమ్మలో ఉన్నారు బాబూ?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నిజం చెప్పడమే నా పని అనుకునేవాణ్ణి కాబట్టి చెప్పేశాను.

"మొదటి బొమ్మలోనమ్మా. మిగతావాళ్ళు రెండో బొమ్మలోకి వెళ్ళి వేల ఏళ్ళయింది. మీరు ఇంకా వేటకే వెళ్తున్నారు."

చేపలు పట్టడాన్ని వాళ్ళు కూడా వేట అనే అంటారు. అందుకని నా మాట వాళ్ళకు తిట్టులా వినిపించలేదు. లెక్కల మాస్టారు తప్పు సరిచేసినట్టు వినిపించింది.

"అయితే మమ్మల్నొగ్గీసి ఎల్లిపోనారన్నమాట అందరూ" అంది ముసలామె.

ఆ వారంలోనే ఆమె కొడుకు మా బడి గేటు దగ్గరికి వచ్చాడు. నా ఈడువాడే. చేతిలో నాలుగు కానాగంత చేపలు, తాటాకు బుట్టలో. నేనతన్ని "రా బావా" అని పిలిచాను. కులం గోడలు పడగొట్టాలంటే పిలుపుల దగ్గర మొదలుపెట్టాలని మా సంఘంలో ఒక నియమం.

"బావా అంటన్నారు. మా సెల్లినేటైనా సేసుకుంటారేటి మేస్టారూ?" అన్నాడు.

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. అతను పగలబడి నవ్వి బుట్ట నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత అడగాలని వచ్చింది అడిగాడు.

"ఆ మొదటి బొమ్మలోంచి బయటికెలగ రావాలి?"

తర్వాత రెండేళ్ళు నేను తరచుగా ఆ పేటకు వెళ్ళాను. వాళ్ళ అలివి వల లాగడం చూశాను. పడవ మీద వెళ్ళి పెద్ద వలను సముద్రంలో అర్ధచంద్రంలా దించి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడునీ పాతికమంది పట్టుకుని గంటల తరబడి లాగుతారు. ఆ తాడు మీద ప్రతి ఇంటికీ ఒక చోటు ఉంటుంది. ఆ చోటునే తాడు అంటారు. ఒక మనిషికి తాడుందంటే పేటలో బతుకుందని అర్థం. పడిన చేపల్ని ఇసక మీద కుప్ప పోసి తాడున్న ఇళ్ళకు పాళ్ళు వేస్తారు. తాడు లేని విధవలు, ముసలివాళ్ళు వల ఒడ్డుకు చేరే సమయానికి వచ్చి ఊరికే తాడుకు చెయ్యి తగిలిస్తారు. లాగే బలం వాళ్ళకు లేదని అందరికీ తెలుసు. అయినా చెయ్యి తగిలించినవాళ్ళకు దోసెడు చేపలు పెట్టకుండా పంపరు.

నాకు ఇది నచ్చేది కాదు. "పని చెయ్యని చేతికి చేపలెందుకు? ఇలా పంచేస్తే మీకు మిగిలేదేముంది? మిగులు లేకపోతే బడి ఎక్కడిది, ఆసుపత్రి ఎక్కడిది?" అని అతనితో వాదించేవాణ్ణి.

"మిగిల్తే కుళ్ళిపోద్ది కదా మేస్టారూ. పెట్టీస్తేనే నయం."

"అదే నేను చెప్పేది. ధాన్యం కుళ్ళదు. అందుకే రైతు ముందుకెళ్ళాడు."

అతను ఆలోచించేవాడు. నా మాటలు విని ఆలోచించే మనిషి దొరికాడని నేను పొంగిపోయేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇదంతా రాస్తున్నది దానికోసమే. ఆ ఉపన్యాసం కోసం యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని నెల రోజులు నోట్సు రాసుకున్నాను. అందులో రెండు పేజీలు ఏ సభలోనూ పైకి చదవలేదు. తొలి రైతుల ఎముకలు చాలాచోట్ల వాళ్ళకు ముందు వేటాడి బతికినవాళ్ళ ఎముకలకన్నా పొట్టిగా ఉన్నాయని ఆ పేజీల్లో ఉంది. పళ్ళు పుచ్చాయి. పిండి విసిరీ విసిరీ, వంగీ వంగీ కీళ్ళు అరిగాయి. ఒకే గింజను నమ్ముకున్నవాళ్ళకు ఆ గింజ పోయిన ఏడు ఇంకో తిండి లేకపోయింది. మనుషులూ పశువులూ ఒకేచోట కిక్కిరిసేసరికి రోగాలు పుట్టుకొచ్చాయి. గాదె వచ్చింది, గాదెకు కాపలా వచ్చింది, కాపలావాడి మీద యజమాని వచ్చాడు.

ఎందుకు చదవలేదు? ఆ రోజుల్లో ఒక ధర్మప్రచారకుడితో సభల్లో తలపడుతుండేవాణ్ణి. పూర్వకాలమంతా స్వర్ణయుగమనీ, రానురాను మనిషి దిగజారాడనీ అతని వాదన. ఈ రెండు పేజీలు నేను చదివితే అతను మైకు లాక్కుని 'చూశారా, వీళ్ళ శాస్త్రమే ఒప్పుకుంటోంది' అంటాడు. ఎదుటివాడికి ఒక్క ముక్క కూడా ఒప్పుకోకూడదని నేర్చుకుని పెరిగినవాణ్ణి నేను. అబద్ధం చెప్పలేదు కదా, ఉన్న రుజువులో కొంత చెప్పలేదంతే కదా అని సర్దిచెప్పుకున్నాను. పురాణం చెప్పేవాడు చేసేది కూడా అదే. వాణ్ణి పదిమందిలో ఎండగట్టి చప్పట్లు కొట్టించుకున్న నేను చేసిందీ అదే.

అసలు పుస్తకం దాకా ఎందుకు? మాది ఆనందపురం పక్క రైతు ఇల్లు. వానలు లేని ఏడు మా అమ్మ గట్ల మీద గలిజేరాకు, పొన్నగంటికూర కోసుకొచ్చి ఉడికించింది. బీడులో దుంపలు తవ్వించింది. సాగు చేతులెత్తేసినప్పుడు మమ్మల్ని బతికించింది ఏరుకొచ్చిన తిండే. అది నా కడుపుకు తెలుసు. నా ఉపన్యాసంలోకి రానివ్వలేదు.

తొంభైల మధ్యకొచ్చేసరికి గెడ్డ వెంట రొయ్యల చెరువులు మొదలయ్యాయి. పట్నం నుంచి కార్లలో జనం వచ్చి ఉప్పునేలలు తవ్వించారు. అతనికి గెడ్డ పక్కన, వాళ్ళ నాన్నకు ఎప్పుడో పట్టా ఇచ్చిన ఉప్పుబీడు కొంత ఉంది. ఒకరోజు ఆ బీడులో నిలబడి అడిగాడు.

"రొయ్యని పట్టడం కాదు, పెంచడమంట. ఇది రెండో బొమ్మే కదా మేస్టారూ?"

నా సంతోషం చెప్పలేను. మానవజాతికి వేల ఏళ్ళు పట్టిన ప్రయాణం నా కళ్ళముందు ఒక్క మనిషి ఒక్క పంటలో చెయ్యబోతున్నాడు! "ఇదే బావా, ఇదే" అన్నాను. మేత కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకం నేనే చదివి వినిపించాను. అతనికి చదువు రాదు.

ఒక్కటే అడ్డొచ్చింది. తాడు. పేట పెద్ద సంగతి తేల్చి చెప్పాడు. "వల దించినప్పుడు నువ్వు సెరువుకాడుంటే తాడు మీద సోటు కాలీ అయిపోద్ది. లాగీది మిగతావోలేటి? ఏదో ఒకటే సేసుకో."

అతని తల్లి, ఆ సాయంత్రం నన్ను ప్రశ్న అడిగిన ముసలామె, తాడు వదలొద్దని రెండు రోజులు అన్నం మానేసింది. అతను ఊగిసలాడాడు. నేను ఊరుకోలేదు. "వెనక్కి వెళ్ళడానికి దారి ఉంచుకుంటే నీ మనసు చెరువు మీద నిలవదు" అన్నాను. వల పాకలో పెద్దల ముందు అతను తాడు వదిలాడు. అతని చోటు వరసకు తమ్ముడయ్యే, అప్పుడే పెళ్ళయిన కుర్రాడికి ఇచ్చారు.

మొదటి పంట బాగా వచ్చింది. రొయ్యల పట్టుబడి రోజు తెల్లవారేసరికే వెళ్ళాను. నీళ్ళు సగం దింపి వల లాగుతున్నారు. గట్టు మీద ఐసు వేసుకుని కంపెనీ వ్యాను ఆగి ఉంది. అప్పుడు పేటలోంచి పదీ పదిహేనుమంది ఆడవాళ్ళు తట్టలతో వచ్చారు. ఎవరూ పిలవలేదు. నేరుగా చెరువు దగ్గరికొచ్చి లాగుతున్న వల తాడుకు చేతులు తగిలించారు. వాళ్ళకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వల ఒడ్డుకొస్తుంటే చెయ్యి తగిలించాలి, తగిలిస్తే దోసెడు పెడతారు. ఆ వరసలో అతని తల్లి కూడా నిలబడింది.

అతను దోసిలి నిండా రొయ్యలు తీశాడు. మొదటి తట్టలో వెయ్యబోతున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాను. "ఇది సముద్రం కాదు. నువ్వు మేపింది. పొలంలో పండింది దారిన పోయేవాళ్ళకు పంచుతారా? ఇవాళ పెడితే ప్రతి పంటకీ వస్తారు."

అతని చెయ్యి ఆగింది. వ్యాను మనిషి హారన్ కొట్టాడు. దోసిట్లో రొయ్యలు మళ్ళీ ట్రేలో పడ్డాయి.

ఆడవాళ్ళు కదల్లేదు. ఇంకా పాళ్ళు వెయ్యలేదేమో అనుకున్నారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. ట్రేలన్నీ వ్యానులోకి ఎక్కాక ఒక విధవరాలు మెల్లగా అంది.

"సముద్రం మమ్మల్నెప్పుడూ ఇలగ నిలబెట్టనేదురా."

"నాకేటి సెయ్యమంటావు పిన్నీ. కంపినీవోలు తూకం ఏసీసినారు" అన్నాడతను, నేల చూస్తూ.

విడిగా తల్లి కోసం ఒక గిన్నెలో రొయ్యలు తీసి ఉంచాడు. ఆమె ఆ గిన్నె ముట్టుకోలేదు. "ఆలకి నేంది నాకెందుకు?" అని ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వాళ్ళతోపాటే వెళ్ళిపోయింది.

తర్వాతి వారం చెరువు చుట్టూ ముళ్ళకంప పడింది. ఒక కుక్కను తెచ్చి కట్టాడు. అనుమతి లేనిదే లోపలికి రాకూడదని రేకు మీద రంగుతో నేనే రాసిచ్చాను, చదువు రాని పేట జనం కోసం. నేను చదవని ఆ రెండు పేజీలు కంపగానూ కుక్కగానూ రేకుగానూ నా ముందు నిలబడ్డాయి. నేను గుర్తుపట్టలేదా? పట్టాను. అభివృద్ధికి ఇది తప్పదనుకున్నాను.

రెండో పంట యాభై రోజులకు చెడింది. అతను ఎస్టీడీ బూత్ నుంచి బడికి ఫోన్ చేస్తే క్లాసు వదిలేసి బస్సెక్కాను. మిట్టమధ్యాహ్నం ఎండలో రొయ్యలు నీటి పైకి వచ్చి గట్టు వెంట తిరుగుతున్నాయి. కాకులూ కొంగలూ వాలి తింటున్నాయి. అతను ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని చూపించాడు. తల పెంకు మీద తెల్ల మచ్చలు.

"ఇదేటి మేస్టారూ?"

వైరస్ అని చెప్పాను. పై చెరువులవాళ్ళు జబ్బు చేసిన చెరువుల నీళ్ళు గెడ్డలోకి వదిలారు. ఆ గెడ్డ నుంచే ఇతను మోటారుతో నీళ్ళు తోడుకున్నాడు. సముద్రంలో ఒక రొయ్యకు జబ్బు చేస్తే ఆ రొయ్య చస్తుంది. ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడి లక్షలుగా ఉన్నాయి. మూడు రోజుల్లో చెరువు అడుగంతా ఎర్రబారిన రొయ్యలే. ఆ కంపు బస్సు దిగే చోటుకే తగిలేది.

పేటలో ఒకటే మాట. చెయ్యి తగిలించినవాళ్ళకు పెట్టనందుకు గంగమ్మకు కోపం వచ్చిందని. అతను కోడిని కొయ్యాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"వైరస్‌కి కోడి తెలుసా?"

"వైరస్‌కి మీరు తెలుసేటి మరి? మీరు సెప్తే ఆగుద్దా?"

అది మూఢనమ్మకమనే ఇప్పటికీ అంటాను. గంగమ్మకూ తెల్లమచ్చకూ సంబంధం లేదు. కానీ కంప వేసుకుని ఒకే నీటిలో లక్ష ప్రాణాల్ని కుక్కితే ఏమవుతుందో నాకు ముందే తెలుసు, వాళ్ళకు తెలియదు. తెలియనివాళ్ళు దేవతను తలుచుకున్నారు. తెలిసినవాణ్ణి నేను నోరు మూసుకున్నాను. మా ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పు?

ఇక అతనికి మిగిలింది తాడే. తాడు దొరికితే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు. పెద్దల్ని అడుగుతానన్నాడు. నేనూ వస్తానన్నాను. రావద్దని అతను ఒకటికి రెండుసార్లు అన్నాడు. వినలేదు. వాదించడం నాకు వచ్చినట్టు అతనికి రాదు కదా అనుకున్నాను.

వల పాకలో పెద్ద ఎక్కువ మాట్లాడలేదు. "తాడు ఇత్తాం. కానీ ఈ వేట కాలమంతా నువ్వు ఆ ఆడోలతోటి తాడు ఆకర్న నిలబడాలి. ఆలు సెయ్యి తగిలించినట్టే తగిలించాలి. ఆలకి ఏసిన దోసెడే నీకు. కాలం ఎల్లిపోనాక నీ తాడు నీదే."

అతను తలూపాడు. గోడవారన కూర్చున్న అతని తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పని అయిపోయింది. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది.

"ఇది శిక్ష" అన్నాను. "ఇతను చేసిన నేరమేమిటి? తన కష్టం తను ఉంచుకోవడం నేరమా?"

"మేస్టారూ, అతగాడు తలూపినాడు. మీకెక్కడ నొప్పి?"

నేను ఆగలేదు. హక్కుల గురించి చెప్పాను. రాజ్యాంగం గురించి చెప్పాను. కులపెద్దల తీర్పులకు చట్టంలో విలువ లేదన్నాను. ఒక్కో మాటకూ వాళ్ళ దగ్గర జవాబు లేకపోయేసరికి నాకు సభలో ఉన్నట్టే అనిపించింది. గొంతు పెరిగింది. చివరికి కోర్టు పేరు ఎత్తాను.

పెద్ద తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "కోర్టులోనే సూసుకోండయితే. కోర్టోలు వల దించితే సెప్పండి, మేమూ వత్తాం."

అందరూ నవ్వుతూ వెళ్ళిపోయారు. బయటికొచ్చాక అతను నాకన్నా ముందు నడిచాడు. బస్సు ఆగే చోట అన్నాడు.

"గెలిసినారు మేస్టారూ."

నేను లేకుండా మళ్ళీ పెద్దల దగ్గరికి వెళ్ళమని తర్వాత చాలాసార్లు బతిమాలాను. అతను వెళ్ళలేదు. ఒకసారి తలూపినవాడు రెండోసారి ఏ మొహంతో ఊపుతాడు? ఆ ఏడే గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద పనికి మనుషుల్ని తీసుకెళ్ళేవాడి వెంట వెళ్ళిపోయాడు. రైల్వే స్టేషన్‌కి నేను వెళ్ళాను. "అక్కడ పాళ్ళుండవంట మేస్టారూ. జీతమంట. సేపలన్నీ బోటు కామందువే" అన్నాడు. ఏ బొమ్మలోకి వెళ్తున్నాడో చెప్పమని అడగలేదు. మూడు బొమ్మల్లోనూ అలాంటి మనిషి లేడు.

ఉపన్యాసం మానేశాను. మా సంఘంవాళ్ళు కారణం అడిగితే గొంతు బాగోలేదన్నాను. అది అబద్ధం.

రెండువేలు దాటాక ఒక ఆదివారం ఆ పేటకు వెళ్ళాను. అతను అప్పటికి మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. అతని తల్లి ఇసక మీద కవ్వళ్ళ చేపలు ఎండబెడుతోంది, ఒకటి రెండు దోసిళ్ళు, అంతే. ఆమె పక్కన కూర్చుని ఆ రెండు పేజీల సంగతి మొత్తం చెప్పాను. ఎముకలు, పళ్ళు, రోగాలు, అన్నీ. నాకు ముందే తెలుసనీ, కావాలనే చెప్పలేదనీ చెప్పాను. ఆమె కాకుల్ని తోలుతూ విన్నది.

"అప్పుడు సెప్పినా ఆడు ఇనీవోడు కాదు బాబూ" అంది. ఇంకో కాకిని అదిలించి, "అయినా సెప్పాల. సెప్పుంటే బాగున్ను" అంది.

ఆ తర్వాత ఉత్తరం రాసిపెట్టమని అడిగింది. సంచిలోంచి కాగితం తీశాను.

"నీ తాడు నీకోసం అలగే ఉంచినారు, బేగొచ్చీమని రాయి."

నా కలం ఆగిపోయింది. ఆ ఏడు అలివి వల దించనే లేదు. చేపలు ఒడ్డు దాకా రావడం మానేశాయి, సముద్రంలోనే పెద్ద బోట్లు ఊడ్చేస్తున్నాయి. తాళ్ళు చుట్టలు చుట్టి పాకలో పడేశారు. తాడు ఉన్నవాళ్ళే మధురవాడలో అపార్టుమెంట్లు కట్టేచోట ఇటుకలు మోస్తున్నారు.

"నిజంగా ఉంచారా అమ్మా?" అని అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిజం నువ్వు సెప్పినావు కదా ఒకపాలి. ఇప్పుడు నాను సెప్పింది రాయి."

రాశాను. ఆమె చెప్పిన ప్రతి ముక్కా, తీసెయ్యకుండా, కలపకుండా రాశాను. వచ్చేటప్పుడు పోస్టు చేశాను. అతను రాలేదు. ఆ ఉత్తరం చదివి వినిపించేవాళ్ళు అక్కడ దొరికారో లేదో కూడా తెలియలేదు. దొరికే ఉంటే, అది ఎవరి చేతి రాతో వాళ్ళు చెప్పలేకపోయినా, తల్లికి రాసిపెట్టింది నేనేనని అతను పోల్చుకునే ఉంటాడు. అందుకే నమ్మి ఉండడు.